రిపోర్టులో ముప్పై రెండు పేర్లు, ఆకులో ఎన్ని?

ఔషధ మొక్కల్లో ఏముంది, ఎంతుంది అని తేల్చే పరీక్షల మీద ఈసారి ఉత్తరాలు ఎక్కువగానే వచ్చాయి. ఒకే సంగతి పలువురు అడిగినచోట ఒక్క ప్రశ్నే తీసుకున్నాం.

ప్ర: ఏటూరునాగారం దారిలో సేకరించిన ఒక ఆకును మిథనాల్‌తో సాక్స్‌లెట్ (మరిగే ద్రావకాన్ని మళ్లీ మళ్లీ పొడి మీదుగా పోనిచ్చే గాజు పరికరం) పెట్టి, ఎక్స్‌ట్రాక్టును బయటి ల్యాబుకు జీసీ-ఎంఎస్ (పదార్థాలను ఆవిరిగా విడదీసి, విరిగిన ముక్కల బరువును బట్టి గుర్తుపట్టే యంత్రం) కోసం పంపాను. 32 పదార్థాల జాబితా వచ్చింది. అందులో డైబ్యూటైల్ థాలేట్ ఒక్కటే 11 శాతం. ప్రతి పేరు పక్కన ‘బ్యాక్టీరియాను చంపుతుంది’, ‘వాపు తగ్గిస్తుంది’ అని రాసి పేపర్ పంపేయమంటున్నారు. పంపొచ్చా?
– పరిశోధక విద్యార్థిని, హనుమకొండ

జ: ఇప్పుడే వద్దు. ఆ థాలేట్ ఆకులోది కాదనే ముందు అనుకోవాలి. థాలేట్లు ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపేవి. మిథనాల్ పోసుకున్న ప్లాస్టిక్ సీసా, మూతకు చుట్టిన పారాఫిల్మ్, సిరంజి ఫిల్టర్, ఎక్స్‌ట్రాక్టు దాచిన ట్యూబు, వీటిలో ఏదో ఒకటి దాన్ని వదిలి ఉంటుంది. స్పెక్ట్రమ్‌లో (విరిగిన ముక్కల బరువులను గీతలుగా చూపే పటం) 149 దగ్గర గీత అన్నిటికన్నా ఎత్తుగా నిలబడితే థాలేట్‌ను అనుమానించండి. 73, 207, 281 దగ్గర గీతలుండి, పేరులో ‘సైలోక్సేన్’ అని ఉన్నవి కాలమ్ (పదార్థాలను విడదీసే సన్నని గొట్టం) నుంచో సెప్టమ్ (ఇంజెక్టర్ మూతి దగ్గరి రబ్బరు బిళ్ల) నుంచో కారినవి. ఏ చెట్టూ సిలికాన్ రబ్బరు తయారుచేయదు.

ఇంకో గుంపు మీ ఫ్లాస్కులోనే పుట్టి ఉండొచ్చు. జాబితాలో హెక్సాడెకనోయిక్ యాసిడ్ మిథైల్ ఎస్టర్ ఉందేమో చూడండి. ఆకులోని కొవ్వు ఆమ్లాలు గంటల తరబడి మరిగే మిథనాల్‌లో ఉంటే కొంత భాగం మిథైల్ ఎస్టర్లుగా మారుతుంది. అదే ఆకును ఇథనాల్‌తో తీసి చూడండి, ఇథైల్ ఎస్టర్లు కనబడితే అవి ద్రావకం పుణ్యమే. 5-హైడ్రాక్సీమిథైల్‌ఫర్‌ఫ్యూరాల్ పెద్ద పీకుగా (రిపోర్టు గ్రాఫులో శిఖరంలా లేచే గుర్తు) వచ్చినా అంతే. ఆకులోని చక్కెరలు 250 డిగ్రీల ఇంజెక్టర్‌లో మాడితే వచ్చేది అది.

దీనికి విరుగుడు బ్లాంక్, అంటే ఆకు లేకుండా చేసే ఉత్త పరీక్ష. చాలామంది బ్లాంక్ అంటే సీసాలోని మిథనాల్‌ను నేరుగా ఇంజెక్ట్ చేయడం అనుకుంటారు. అది సరిపోదు. ఆకు పొడి లేకుండా ఖాళీ థింబుల్ (పొడి పోసే గొట్టం) పెట్టి, అంతే మిథనాల్‌తో అంతే సేపు సాక్స్‌లెట్ నడిపి, రోటరీ ఎవాపరేటర్‌లో అంతే చిక్కబరిచి, అదే ఫిల్టరులోంచి వడగట్టి, అదే రకం వయల్‌లో పంపాలి. ఆ బ్లాంకులో కూడా కనబడిన పీకును నమూనా జాబితాలోంచి కొట్టేయండి. నమూనాలో దాని పరిమాణం బ్లాంక్ కన్నా ఎన్నో రెట్లు ఉంటే తప్ప దాన్ని వెనక్కి తేవద్దు.

మిగిలినవాటి పేర్లూ అప్పుడే ఖాయం కావు. లైబ్రరీ (యంత్రంలో దాచిన స్పెక్ట్రాల కోశం) పోలిక మాత్రమే చూసి పేరు పెడితే టెర్పీన్ల (మొక్కల్లోని వాసన పదార్థాలు) దగ్గర తప్పకుండా దెబ్బతింటారు. ఒకే ఫార్ములా ఉన్న సెస్క్విటెర్పీన్లు డజన్ల కొద్దీ ఉన్నాయి, వాటి స్పెక్ట్రాలు అన్నదమ్ముల ముఖాల్లా ఉంటాయి. అందుకని రిటెన్షన్ ఇండెక్స్, అంటే పదార్థం కాలమ్‌లోంచి బయటికొచ్చే సమయాన్ని ఆల్కేన్లనే హైడ్రోకార్బన్లతో పోల్చి చెప్పే అంకె, లెక్కించాలి. అదే కాలమ్ మీద, అదే టెంపరేచర్ ప్రోగ్రామ్‌తో ఆల్కేన్ల మిశ్రమాన్ని నడిపించమని ల్యాబును అడగండి. 17 కార్బన్ల ఆల్కేన్ 20.10 నిమిషాలకు, 18 కార్బన్లది 21.50కి వచ్చి, మీ పదార్థం 20.80కి వచ్చిందనుకోండి. రెండు ఆల్కేన్ల మధ్య దూరం 1.40 నిమిషాలు, మీది దాటి వచ్చింది 0.70. అంటే సగం దారి. ఆల్కేన్ ఇండెక్స్ దాని కార్బన్ల సంఖ్యకు నూరు రెట్లు, కాబట్టి 1700కు, 1800కు నడుమ మీ ఇండెక్స్ 1750. అదే రకం కాలమ్ మీద ప్రచురితమైన విలువతో పోల్చినప్పుడు తేడా పది యూనిట్ల లోపు ఉంటే పేరు నిలబడే అవకాశం ఉంది. నలభై యాభై తేడా ఉంటే లైబ్రరీ 90 శాతం పోలిక చూపించినా పక్కన పెట్టండి.

ఇంకో మాట. జీసీలోకి ఆవిరయ్యేవే వెళతాయి. గ్లైకోసైడ్లు, టానిన్లు, సపోనిన్లు, ఫ్లేవనాయిడ్లలో ఎక్కువ భాగం నేరుగా అందులో కనబడవు. మీ ఆకుకు వైద్యంలో పేరు రావడానికి కారణం వాటిలోనే ఉంటే, ఈ 32 పేర్ల జాబితా అసలు కథ పక్కనుంచి వెళ్లిపోయినట్టే. రిపోర్టులోని 11 శాతం లాంటి ఏరియా శాతాన్ని (పీకు వైశాల్యం వాటా) బరువు శాతంగా రాయడం కూడా తప్పు. కనబడిన పీకుల్లో దాని వాటా ఎంతో చెబుతుంది, ఆకులో ఎంతుందో చెప్పదు.

పేరు పక్కన గుణం రాసే అలవాటైతే మరీ అన్యాయం. డేటాబేసులో ఆ పదార్థానికి ఎక్కడో, ఏదో మోతాదులో ఉందన్న గుణాన్ని తెచ్చి మీ ఆకుకు అంటగట్టడం అది. పామిటిక్ యాసిడ్ ఉన్నందుకు ఆకు ఔషధమైతే వంటింట్లో పామాయిల్ డబ్బా కూడా ఔషధమే. లైబ్రరీ పోలిక మాత్రమే ఉన్నవాటిని ‘తాత్కాలిక గుర్తింపు’ అని, ఇండెక్స్ కూడా కలిసినవాటిని వేరుగా, స్టాండర్డ్ (స్వచ్ఛమైన అసలు పదార్థం) కొని పక్కపక్కన నడిపి చూసినవాటినే ‘నిర్ధారణ’ అని రాయండి. 32లో తొమ్మిది మిగిలినా ఆ తొమ్మిదే మీ పేపర్.

ప్ర: మా సంఘం మహిళలం చెల్కల్లో నేలవేము వేసి, ఎండబెట్టి, పొడి కొట్టి అమ్ముతున్నాం. కొన్నవాళ్లు ఆండ్రోగ్రాఫోలైడ్ (నేలవేములోని ముఖ్యమైన చేదు పదార్థం) 0.8 శాతమే ఉందని సరుకు వాపసు పంపారు. చేదు మాత్రం నోట్లో పెట్టుకోలేనంత ఉంది. మోసం చేస్తున్నారా?
– మహిళా సంఘం సభ్యులు, ములుగు జిల్లా

జ: మోసమే కానక్కర్లేదు. నేలవేము చేదు ఎంత తీవ్రమంటే, పదార్థం మూడింతలు తగ్గినా నాలుక పసిగట్టలేదు. కాడల పొడి కూడా చేదుగానే ఉంటుంది. చిక్కంతా ఆ కాడల్లోనే.

ఆండ్రోగ్రాఫోలైడ్ ప్రధానంగా ఆకులో ఉంటుంది, కాడలో చాలా తక్కువ. ఉదాహరణకు మీ ఆకులో 2.2 శాతం, కాడలో 0.3 శాతం ఉందనుకోండి. మొక్కను మొత్తంగా పొడి కొట్టినప్పుడు అందులో ఆకు 30 పాళ్లు, కాడ 70 పాళ్లు పడితే మొత్తం 0.87 శాతం వస్తుంది. ఆకు 70, కాడ 30 అయితే 1.63. పంట అదే, మట్టి అదే, తేడా మీ చేతిలో ఉంది. ఎండిన మొక్క కిలో తీసుకుని ఆకు దూసి, ఆకును, కాడను వేరువేరుగా తూచి చూడండి. మీ సరుకు సంగతి ల్యాబుకు పోకముందే సగం తెలిసిపోతుంది.

రెండోది కోత. పూత మొదలయ్యే సమయానికి కోయాలి. కాయలు పట్టి ముదిరేదాకా ఆగితే కింది ఆకులు రాలిపోతాయి, మిగిలినదాంట్లో కాడల పాలు పెరుగుతుంది. కూలీలు దొరకలేదని రెండు మూడు వారాలు వాయిదా వేస్తే నష్టం ఇక్కడే జరుగుతుంది.

మూడోది ఆరబెట్టడం. మంచు ఆరాక కోసి, నీడలో, గాలి ఆడేచోట, కింద పరదా వేసి పలచగా పరచండి. కుప్ప పోస్తే లోపల వేడెక్కి ఆకు నల్లబడుతుంది. రోజుకు రెండుసార్లు తిరగేయాలి. ఆకును పిడికిట్లో నలిపితే మెత్తగా వంగకుండా గలగలమని విరగాలి. తేమ పది శాతం లోపుంటేనే మూట కట్టండి. వానాకాలంలో సిమెంటు నేల మీద ఆనించిన గోనె సంచులు నెల తిరక్కుండానే బూజు పడతాయి. చెక్క పలకల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. పొడిగా కాక ఆకుగానే నిల్వ చేసి, ఆర్డరు వచ్చాక పొడి కొట్టించుకోవడం మేలు.

ఇక పరీక్ష. సంచి మూతి దగ్గర పిడికెడు తీసి పంపితే ఆ రిపోర్టు ఆ పిడికెడుకే. ప్రతి సంచిలోనూ పైన, నడుమ, అడుగున తీసి, అన్నీ ఒక గుడ్డ మీద కలిపి గుండ్రంగా పరవండి. నాలుగు ముక్కలు చేసి ఎదురెదురు రెండు ముక్కలు తీసేయండి. మిగిలినదాన్ని మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయండి. వంద గ్రాములు మిగిలేదాకా ఇలాగే. ఆ వందలో సగం మీ దగ్గర సీలు వేసి ఉంచుకోండి, గొడవ వస్తే పనికొచ్చేది అదే.

ల్యాబు చేయాల్సింది ఇదీ. ఒక గ్రాము పొడిని 15 మి.లీ. మిథనాల్‌తో సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కదిలించే తొట్టి) 20 నిమిషాలు ఉంచి వడగట్టాలి. పిప్పిని అలాగే ఇంకో రెండుసార్లు తీయాలి, ఒక్కసారితో సరిపెడితే కొంత పిప్పిలోనే ఉండిపోతుంది. అన్నీ కలిపి 50 మి.లీ. చేయాలి. అందులో 1 మి.లీ. తీసి 10 మి.లీ.కు పలచన చేసి, 0.45 మైక్రాన్ ఫిల్టరులోంచి పంపి హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) పెట్టాలి. సీ-18 కాలమ్, మిథనాల్ 65 పాళ్లు నీళ్లు 35 పాళ్లు, నిమిషానికి 1 మి.లీ., 223 నానోమీటర్ల దగ్గర చూస్తే ఆండ్రోగ్రాఫోలైడ్ చక్కగా విడిపోతుంది. రీడింగు మి.లీ.కి 40 మైక్రోగ్రాములు వచ్చిందనుకోండి. పది రెట్ల పలచన కాబట్టి 400, దాన్ని 50 మి.లీ.తో హెచ్చిస్తే 20,000 మైక్రోగ్రాములు, అంటే గ్రాముకు 20 మి.గ్రా., 2 శాతం. పొడిలో 8 శాతం తేమ ఉంటే 20ని 0.92తో భాగించండి. తేమ తీసేసిన లెక్కన 2.17 శాతం. కొనేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మీ శాతం ఉన్న సరుకు మీదా, తేమ తీసేసిన లెక్కనా?

నీళ్లలో మరిగించి పరీక్ష చేశారేమో కూడా కనుక్కోండి. ఆండ్రోగ్రాఫోలైడ్ నీళ్లలో సరిగా కరగదు, కషాయాన్ని కొలిస్తే ఎప్పుడూ తక్కువే వస్తుంది.

హెచ్‌పీఎల్‌సీకి ప్రతిసారీ డబ్బు పెట్టలేకపోతే, దగ్గరి ఫార్మసీ కాలేజీలో టీఎల్‌సీ (పలచని పూత ఉన్న పలక మీద పదార్థాలను మచ్చలుగా విడదీసే పరీక్ష) చేయించుకోవచ్చు. సిలికా జెల్ ఎఫ్-254 ప్లేటు మీద మీ ఎక్స్‌ట్రాక్టు చుక్క, పక్కనే స్టాండర్డ్ చుక్క పెట్టి, క్లోరోఫామ్ 9 పాళ్లు మిథనాల్ 1 పాలుతో నడిపితే, 254 నానోమీటర్ల అతినీల వెలుగులో ఆకుపచ్చ నేల మీద నల్లటి మచ్చలు ఒకే ఎత్తులో కనిపిస్తాయి. ప్లేటు మీద కెడ్డే రీజెంటు (రంగు తెప్పించే ద్రావణం) చల్లితే ఆ మచ్చ ఊదారంగుకు తిరుగుతుంది. కాసేపటికే వెలిసిపోతుంది కాబట్టి వెంటనే ఫోటో తీయమనండి. ఎంతుందో కచ్చితంగా చెప్పదుగానీ, ఆకు ఉందా, కాడలే ఉన్నాయా అన్నది మచ్చ ముదురును బట్టి తెలిసిపోతుంది.

ప్ర: ఒకే కల్లంలోని పసుపు రెండు ల్యాబులకు పంపితే కర్క్యుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) ఒకరు 5.1 శాతం, మరొకరు 3.4 శాతం అన్నారు. ఏది నమ్మాలి?
– పసుపు రైతు, జగిత్యాల

జ: రెండూ నిజమే అయ్యుండొచ్చు. పసుపులో కర్క్యుమిన్‌తో పాటు దాని తోబుట్టువులు ఇంకో రెండున్నాయి: డీమిథాక్సీకర్క్యుమిన్, బిస్‌డీమిథాక్సీకర్క్యుమిన్. ఆల్కహాల్‌లో తీసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 425 నానోమీటర్ల దగ్గర రంగు కొలిస్తే మూడూ కలిసి వస్తాయి, దాన్నే ‘కర్క్యుమిన్’ అని రాసేస్తారు. హెచ్‌పీఎల్‌సీలో మూడింటినీ విడదీసి మొదటిదాన్ని మాత్రమే చెబితే అంకె తగ్గుతుంది. మీ 3.4ను 5.1తో భాగిస్తే సుమారు మూడింట రెండొంతులు. పసుపులో అసలు కర్క్యుమిన్ వాటా అటూఇటుగా అంతే ఉంటుంది కాబట్టి అనుమానం ఇటే పోతోంది. రెండు ల్యాబుల్నీ పద్ధతి రాసి ఇవ్వమనండి.

నమూనా కూడా చూసుకోండి. ఒక దాంట్లో కొమ్ములు, ఇంకోదాంట్లో మండలు పడితే అంకెలు కలవవు. పొడి కొట్టించి జల్లెడ పట్టి, ఒకే కుప్పను రెండుగా పంచి పంపండి. గాజు సీసాకు వెలుతురు సోకకుండా కాగితం చుట్టండి. కర్క్యుమిన్ వెలుతురుకు, క్షారానికి ఓర్చుకోదు. ఎక్స్‌ట్రాక్టును కిటికీ పక్కన మధ్యాహ్నమంతా వదిలేసినా రీడింగు పడిపోతుంది.

రంగు కొలిచే పద్ధతికి ఇంకో లోపం ఉంది. మెటానిల్ ఎల్లో కలిపిన పొడి కూడా పసుపుపచ్చగానే కొలతకొస్తుంది. కొనే పొడి మీద అనుమానం ఉంటే గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొన్ని చుక్కలు వేసి చూడమనండి. ఎర్రబడిన రంగు నీళ్లు పోశాక కూడా పోకుండా గులాబీ-ఊదాగా నిలిస్తే ఆ రంగు కలిసినట్టే. ఇది ల్యాబులో చేయాల్సిన పని, ఇంట్లో కాదు.

ప్ర: ఉసిరిలో మొత్తం ఫినాలిక్స్‌ను (టానిన్ల లాంటి ఫినాల్ పదార్థాలు) ఫోలిన్ పద్ధతిలో (రీజెంటు నీలిరంగును బట్టి కొలిచేది) పిల్లలతో చేయిస్తున్నాను. ఒక్కో బ్యాచిలో ఒక్కో అంకె. కొన్ని ట్యూబుల్లో తెల్లటి మడ్డి దిగుతోంది.
– డిగ్రీ కాలేజీ లెక్చరర్, కరీంనగర్

జ: వరుస తప్పుతోందేమో ముందు చూడండి. 0.5 మి.లీ. నమూనా, పది రెట్లు పలచన చేసిన ఫోలిన్ రీజెంటు 2.5 మి.లీ., ఐదు నిమిషాలు ఆగాక 7.5 శాతం సోడియం కార్బనేట్ 2 మి.లీ. ఈ వరుసలోనే పడాలి. కార్బనేట్ ముందు పడితే క్షారంలో రీజెంటు ఫినాల్‌ను కలవకముందే చెడిపోతుంది, నీలిరంగు పలచబడుతుంది. చీకట్లో అరగంట ఉంచి 765 నానోమీటర్ల దగ్గర చూడండి. మొదటి ట్యూబుకు, ముప్పయ్యో ట్యూబుకు మధ్య ఇరవై నిమిషాలు పోతే అంకెలు కలవవు. ట్యూబుకు ట్యూబుకు ముప్పై సెకన్ల చొప్పున గడియారం పెట్టుకుని కార్బనేట్ పోయించి, అదే తేడాతో చదివించండి.

తెల్లటి మడ్డి రీజెంటు గాఢత ఎక్కువైనప్పుడు దిగే లవణాలు. ట్యూబును సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేరిన నీలినే చదవాలి. రీజెంటు సీసాలో పసుపుపచ్చగా ఉండాలి, ఆకుపచ్చకు తిరిగితే పారేయండి.

ఉసిరి దగ్గర అసలు చిక్కు విటమిన్-సి. ఫోలిన్ రీజెంటుకు ఫినాల్ అని, విటమిన్ అని తేడా తెలియదు, ఎలక్ట్రాన్ ఇచ్చేది ఏదైనా నీలంగా చూపిస్తుంది. అందుకని 1 మి.లీ. ఎక్స్‌ట్రాక్టుకు, 1 మి.లీ. నీళ్లలో 100 మి.గ్రా. పీవీపీపీ (టానిన్లను పట్టుకునే, నీళ్లలో కరగని పొడి) కలిపి, 4 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచి సెంట్రిఫ్యూజ్ చేయండి. టానిన్లు పీవీపీపీకి అంటుకుని అడుగుకు పోతాయి, విటమిన్-సి పైన మిగులుతుంది. ముందు రీడింగులోంచి తర్వాతి రీడింగు తీసేస్తే టానిన్ల లెక్క. ఇక్కడ నమూనా రెండింతలు పలచనైందని మరవకండి.

పిల్లలు ఎక్కువగా తప్పేది చివరి లెక్కలో. మి.లీ.కి 0.1 మి.గ్రా. ఎక్స్‌ట్రాక్టు కలిపిన ద్రావణం 30 మైక్రోగ్రాముల గాలిక్ యాసిడ్‌కు సమానమైన రీడింగిస్తే, అది గ్రాము ఎక్స్‌ట్రాక్టుకు 300 మి.గ్రా. గ్రాము ఉసిరి పొడికి కాదు. నూరు గ్రాముల పొడి నుంచి 40 గ్రాముల ఎక్స్‌ట్రాక్టు వచ్చి ఉంటే పొడి లెక్కన 120 మి.గ్రా. దేనికి లెక్కో రాయని అంకెకు మార్కులు వేయకండి.

ప్ర: తిప్పతీగ అని అంగట్లో అమ్మే ముక్కలు అసలువేనా అని ఎలా తెలుసుకోవాలి?
– పాఠకుడు, ఆదిలాబాద్

జ: ఎండిన ముక్కలను చూసి చెప్పడం కష్టం. పచ్చిగా ఉన్నప్పుడే చూడాలి. మందుకు వాడే తిప్పతీగ టినోస్పోరా కార్డిఫోలియా. ఆకు నున్నగా, హృదయాకారంలో ఉంటుంది, పండ్లు గుండ్రంగా ఎర్రగా ఉంటాయి. దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా తీగ నిండా బుడిపెలు. టినోస్పోరా సైనెన్సిస్ ఆకుకు నూగు ఉంటుంది, వేలితో రాస్తే తెలిసిపోతుంది. క్రిస్పాతో పొరబడవద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2022లో హెచ్చరించింది కూడా. ముక్కల మీద అనుమానం ఉంటే ఎల్‌సీ-ఎంఎస్‌లో (ద్రవంలో విడదీసి బరువును బట్టి గుర్తుపట్టే యంత్రం) బోరాపెటోసైడ్లనే పదార్థాల కోసం వెతకమనండి, అవి క్రిస్పా గుర్తులు. పరీక్షలకు పంపేవాళ్లు పూతో కాయో ఉన్న కొమ్మను కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి, వృక్షశాస్త్ర విభాగంలో హెర్బేరియం నంబరు (ఎండిన మొక్కల భాండారంలో ఆ నమూనాకిచ్చే సంఖ్య) తీసుకున్నాకే పంపండి. మొక్క పేరే తప్పయితే ఏ యంత్రమూ దిద్దలేదు.

ప్ర: పరిశోధన కోసం అడవిలో ఆకులు కోయడానికి అనుమతి కావాలా?
– ఎమ్మెస్సీ విద్యార్థి, భూపాలపల్లి

జ: అభయారణ్యంలో అయితే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క కొమ్మ కూడా తెంపవద్దు. ఏటూరునాగారం అభయారణ్యమే. నమూనాను విదేశీ ల్యాబుకు పంపే ఆలోచన ఉంటే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ గడప ముందుగా తొక్కాలి. చెల్క గట్టు మీద, ఇంటి పెరట్లో దొరికే మొక్కయితే యజమానిని అడిగి అక్కడే కోసుకోండి.

ప్ర: పొడపత్రి అసలుదో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చా?
– గృహిణి, మంచిర్యాల

జ: కొంతవరకు. ఒకటి రెండు ఆకులు నమిలి, నోరంతా తిప్పి ఉమ్మేసి, నోరు పుక్కిలించి చిటికెడు చక్కెర నాలుక మీద వేసుకోండి. తీపి తెలియకుండా ఇసుకలా ఉంటే జిమ్నెమిక్ ఆమ్లాలు ఉన్నట్టే, అవి నాలుక మీది తీపి గ్రాహకాలను కాసేపు మూసేస్తాయి. గంటలోపు రుచి తిరిగొస్తుంది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం ఆ ఆకును మందుగా మింగేముందు డాక్టరుకు చెప్పాలి, రెండూ కలిసి షుగర్‌ను మరీ కిందికి దించొచ్చు.